పావు వంతు నాటు రక్తం

కృష్ణా డెల్టాకూ పందుల పెంపకానికీ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్లకు గన్నవరమే జవాబు. అరవై, డెబ్బయి దశకాల్లో ప్రభుత్వం దేశం మొత్తమ్మీద వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని చోట్ల బేకన్ ఫ్యాక్టరీలనూ, వాటికి అనుబంధంగా పందుల సంతతి కేంద్రాలనూ పెట్టింది. అలీగఢ్, హరింఘాటా, బొరివలి సరసన మన గన్నవరం పేరు కూడా ఉంది. దాని వెనక ఆలోచన సూటిగానే ఉండేది. ఊళ్లో తిరిగే నల్ల పంది త్వరగా ఎదగదు, ఈతకు ఐదారు పిల్లలే పెడుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన తెల్ల పోతుతో దాన్ని దాటిస్తే పిల్లలూ ఎక్కువ పుడతాయి, బరువూ వస్తుంది. జనం 'సీమ పంది' అని పిలిచే లార్జ్ వైట్ యార్క్‌షైర్ అలా మన జిల్లాలకు వచ్చింది. ఆ ఆలోచన తప్పని చెప్పడానికి ఇక్కడ ఆధారాలేమీ లేవు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పనిచేసి రూపొందించిన ఎస్‌వీవీయూ టీ-17 అనే సంకర పంది రైతులకు నిజంగానే పనికొచ్చింది. అందులో ముప్పాతిక వంతు లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం, పావు వంతు నాటు రక్తం. ఈ వ్యాసం ఆ పావు వంతు గురించి.

మిగతా చోట్ల కూడా ఇదే లెక్క. రాంచీలో టామ్‌వర్త్‌ను జార్ఖండ్ నాటు పందితో కలిపితే ఝార్సుక్ వచ్చింది. గౌహతి దగ్గరి జాతీయ పందుల పరిశోధన కేంద్రంలో హాంప్‌షైర్‌నూ బెంగాలీ ఘుంగ్రూనూ కలిపితే 'రాణి' వచ్చింది. మన దేశపు రైతు దగ్గర నిలదొక్కుకున్న ప్రతి మేలు రకంలోనూ ఒక కాలు నాటుదే. అచ్చమైన సీమ పందిని ఫ్యాన్లు, నీటి తుంపరలు, మిల్లు దాణా ఉన్న పెద్ద షెడ్డులో పెంచగలం. ఎకరం, రెండెకరాల రైతు పాకలో అది నిలవదు. కాబట్టి సంకరం చేసే ప్రతివాడికీ స్వచ్ఛమైన నాటు మందతో పని ఉంటుంది, అదీ తరం తరం. సమస్యంతా ఇక్కడే. సంకరం ఎంత బాగా సాగితే, నాటు పందిని నాటు పోతుతో దాటించేవాడు అంతగా తగ్గిపోతాడు. ఉన్న ఆడ పందులన్నిటికీ తెల్ల పోతునే కడితే మొదటి తరంలో సగం, రెండో తరంలో పావు, మూడో తరంలో ఎనిమిదో వంతే మిగులుతుంది. పంది ఏడాదికే ఈనుతుంది గనక మూడు తరాలంటే మూడు నాలుగేళ్లే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో 90.6 లక్షల పందులున్నాయి, 2012తో పోలిస్తే ఇది సుమారు 12 శాతం తక్కువ. అందులో దేశవాళీవి 71.6 లక్షలని రాశారు గానీ, ఆ అంకెలో ఫలానా జాతి అని చెప్పుకోదగినవీ, ఏ జాతికీ చెందని కలగాపులగపువీ కలిసే ఉన్నాయి.

నాటు రక్తం పనిచేసేది ఎలా అన్నది శరీర ధర్మంలోంచి చూస్తే అర్థమవుతుంది. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడదు. దాని స్వేద గ్రంథులు ఎండకు స్పందించవు. అందుకే బురదలో పొర్లుతుంది. ఒంటిమీద నీళ్లు పోస్తే పావుగంటలో ఆరిపోయి మళ్లీ వేడెక్కుతుంది. బురద పట్టిస్తే తడి మెల్లగా ఆవిరవుతూ గంటకు పైగా చల్లగా ఉంచుతుంది. మనం మురికి అనుకునేది దానికి చెమట. ఈ అవసరం అన్ని పందులకూ ఒకటే అయినా ఎంత వేడిని బయటికి పంపాలన్నది మాత్రం జాతిని బట్టి మారుతుంది. రెండు వందల కిలోల తెల్ల పంది శరీరంలో కండ వేగంగా పెరుగుతుంది, ఆ పెరుగుదలే లోపల వేడి పుట్టిస్తుంది, బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం తక్కువ. నాటు పంది చిన్నది, మెల్లగా పెరుగుతుంది, కాబట్టి పుట్టే వేడి తక్కువ, పోయే దారి ఎక్కువ. పాదరసం పాతిక డిగ్రీలు దాటితే పాలిచ్చే సీమ పంది మేత తగ్గించేస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే పిల్లలు బరువెక్కవు, తల్లి మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. విజయవాడలో మే నెలలో నలభై దాటే ఎండకు సముద్రపు గాలి ఉక్క కూడా తోడైనప్పుడు ఆ గొలుసు ఎలా తెగుతుందో ఊహించుకోవచ్చు. తెల్ల చర్మం ఎండకు కమిలి పొక్కులు తేలుతుంది. నల్ల చర్మం, వీపు మీద నిక్కబొడుచుకుని ఉండే గరుకు వెంట్రుకలు ఆ దెబ్బను కాచుకుంటాయి.

రెండో సంగతి మేత. పందుల పెంపకంలో ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా మేతదే. మిల్లు దాణా కొని పెట్టేటట్టయితే నాటు పందిని పెంచడం తెలివైన పని కాదు. అదే దాణాతో సీమ పంది రెట్టింపు వేగంతో బరువు పెంచుతుంది. ఈ ఒక్క మాట దాచి నాటు జాతుల గొప్పతనం చెప్పేవాళ్లు రైతుకు మేలు చేయడం లేదు. డెల్టా పల్లెలో లెక్క మారేది, కొననవసరంలేని మేత చేతిలో ఉన్నప్పుడు: మిల్లులో తవుడు, నూక, ఇంటి కుడితి, గెల కొట్టేసిన అరటి బోదెలు, ముదిరిపోయిన తోటకూర. ఇలాంటి పీచు ఎక్కువ, పుష్టి తక్కువ ఉన్న తిండిని పంది పెద్ద పేగులో సూక్ష్మజీవులు పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. పీచు తిండి మీదే తరాలుగా బతికిన పందులు ఈ పనిలో మెరుగ్గా ఉంటాయి. వేగంగా పెరిగేందుకు ఎంపికైన పందికి పొట్ట నిండా పీచు పెడితే దాని ఆకలికి తగ్గ మాంసకృత్తులు అందవు. నాటు పంది అడిగేదే తక్కువ గనక ఉన్నదానితో నెట్టుకొస్తుంది.

తవుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, డెల్టాలో అదే ముఖ్యం గనక. పచ్చి బియ్యం ఆడిన తవుడులో నూనె దండిగా ఉంటుంది, ఆ నూనెను విరగ్గొట్టే ఎంజైము కూడా అందులోనే ఉంటుంది. గింజలో విడివిడిగా ఉండే ఆ రెండూ మిల్లులో పొట్టు రేగినప్పుడు ఒకదానికొకటి తగులుతాయి. కొద్ది రోజుల్లోనే తవుడు ముక్కవాసన వేస్తుంది, పందులు వాసన చూసి మొహం తిప్పుకుంటాయి. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడులో ఆ ఎంజైము ముందే ఉడికి చచ్చిపోతుంది గనక అది నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. తవుడు మీదే పెరిగిన పందికి కొవ్వు మెత్తగా, జిడ్డుగా తయారవుతుంది. అమ్మే ముందు కొన్ని వారాలు తవుడు తగ్గించి నూక పెంచితే కొవ్వు గట్టిపడుతుంది. కాలువలను కమ్మేసిన గుర్రపుడెక్కను కూడా కొన్ని దేశాల్లో ఉడికించి పందులకు పెడతారు. అందులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి అది పొట్ట నింపే తోడే తప్ప అసలు మేత కాదు. పచ్చిగా పెడితే గొంతులో గీసుకుంటుంది కూడా.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. మనం మేలుజాతి అని దిగుమతి చేసుకున్న తెల్ల పంది కూడా ఒకప్పుడు సంకరమే. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి బ్రిటన్ రైతులు చైనా నుంచి పందులను తెచ్చి తమ ఊరి పందులతో కలిపారు. 2014లో వెలువడిన ఒక జన్యు పరిశోధన లార్జ్ వైట్ క్రోమోజోముల్లో ఆసియా ముక్కలను గుర్తించింది. ఏహెచ్ఆర్ అనే జన్యువు దగ్గర ఆసియా రూపం ఉన్న తల్లులకు పిల్లలు ఎక్కువ పుడుతున్నట్టు తేల్చింది. సీమ పందికి ఇంత గొప్ప పేరు తెచ్చిన ఆ సంతానం వెనక అప్పటి ఆసియా నాటు పంది చెయ్యి ఉందన్నమాట. అప్పట్లో ఆ చైనా పందులకు ఏ ధర కట్టాలో ఎవరికీ తెలియదు, రెండు వందల ఏళ్ల తర్వాత తెలిసింది. ఎంపిక మరీ ఇరుకైతే ఏమవుతుందన్నదానికీ పంది దగ్గరే ఉదాహరణ ఉంది. పియెట్రేన్ లాంటి కండపట్టిన జాతుల్లో కాస్త బెదిరినా, ఎండలో తోలినా ఒళ్లు బిగుసుకుపోయి చచ్చిపోయే జబ్బు వ్యాపించింది. చచ్చినవాటి మాంసం పాలిపోయి, నీరు కారుతూ ఉండేది. 1991లో కెనడా శాస్త్రవేత్తలు దానికి ఒకే ఒక్క అక్షరం మారిన జన్యువు కారణమని చూపించారు. కండ కోసం ఎంచుకున్నప్పుడల్లా రైతులు తెలియకుండానే ఆ జబ్బునూ ఎంచుకున్నారు. వదిలేసిన పాత జాతుల సంగతీ చూడాలి: హంగరీ ఉన్ని పంది మంగలిత్సా 1991 నాటికి రెండు వందల లోపు తల్లులకు పడిపోయి, ఆఖరి నిమిషంలో బయటపడింది. ఇంగ్లండు లింకన్‌షైర్ కర్లీ కోట్ మాత్రం 1972లో అంతరించింది.

ఇంత చెప్పినా గట్టి అభ్యంతరాలు మిగిలే ఉంటాయి. వాటిలో బలమైనది రోగాల గురించి, అందులోనూ మెదడువాపు గురించి. వరి డెల్టాలో పందులు పెంచడమంటే నిప్పుతో ఆటేనని వైద్యులు అంటే కొట్టిపారేయడానికి లేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కొంగల్లాంటి నీటి పక్షుల్లో ఉంటుంది. నీళ్లు నిలిచిన వరి మడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమలు దాన్ని పందికి అంటిస్తాయి. పంది ఒంట్లో వైరస్ విపరీతంగా పెరిగి రెండు నుంచి నాలుగు రోజుల పాటు రక్తంలో నిండుగా ఉంటుంది, ఆ రోజుల్లో కుట్టిన దోమలన్నీ వైరస్ మోస్తాయి. మనిషి రక్తంలో దోమకు అంటేంత వైరస్ పెరగదు, కాబట్టి మనం ఆ గొలుసులో చివరి బలి మాత్రమే. ఈ జబ్బును మన దేశంలో మనుషుల్లో మొదట గుర్తించింది 1955లో, వేలూరు దగ్గర. వరి, కొంగ, దోమ, పంది, ఈ నాలుగూ కూచిపూడి చుట్టుపక్కల పొలాల్లో ఒకచోటే ఉంటాయి. నాటు పందికి ఇందులో ప్రత్యేక మినహాయింపేమీ లేదు. నల్లదైనా తెల్లదైనా వైరస్ ఒకేలా పెరుగుతుంది. అయితే ఒకసారి సోకిన పందికి రోగనిరోధక శక్తి వస్తుంది, మళ్లీ అది వైరస్‌ను పెంచదు. అంటే అసలు ప్రమాదం ఏటేటా కొత్తగా పుట్టే పిల్లల సంఖ్యలో ఉంది, అవి ఎక్కడ పడుకుంటున్నాయన్నదానిలో ఉంది. వీధుల్లో, ఇళ్ల గోడల పక్కన రాత్రిళ్లు పడుకునే పందుల మంద వేరు. ఊరికి దూరంగా, సాయంత్రానికి దోమతెర దించిన పాకలో ఉండే నాలుగు తల్లుల మంద వేరు. మన పిల్లలకు వేసే టీకా మరో గోడ. 2013లో హైదరాబాద్ భారత్ బయోటెక్ తెచ్చిన జెన్‌వాక్ టీకాను కోలార్‌లో దొరికిన వైరస్ రకంతోనే తయారుచేశారు. కాబట్టి ఈ అభ్యంతరానికి నా జవాబు సగం ఒప్పుకోలే: ఊళ్లో ఇళ్ల మధ్య ఏ జాతి పందీ వద్దు.

బద్దెపురుగు విషయంలో మాత్రం పందికి అన్యాయం జరుగుతోంది. మెదడులో బద్దెపురుగు తిత్తులు పెరిగి మూర్ఛలు రావడానికి పంది మాంసమే కారణమని చాలామంది నమ్మకం. నిజానికి సరిగా ఉడకని మాంసం తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది; ఆ మనిషి మలంలో గుడ్లు బయటికి వస్తాయి; ఆ గుడ్లు చేతుల ద్వారానో, కడగని ఆకుకూరల ద్వారానో ఇంకొకరి నోట్లోకి పోతే తిత్తులు మెదడుకు చేరతాయి. జన్మలో పంది మాంసం ముట్టని శాకాహారికీ ఇది వస్తుంది. పంది ఒంట్లోకి ఈ తిత్తులు ఎక్కడి నుంచి వచ్చాయి? బహిర్భూమిలో మనిషి మలం తిన్నందుకు. ఇంట్లో మరుగుదొడ్డి, పందికి పాక, ఈ రెండూ ఉంటే గొలుసు రెండు వైపులా తెగుతుంది. దీనికి పందులకే వేసే టీకా సిస్‌వాక్స్ కూడా హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థలోనే తయారవుతోంది. దానికి ఆక్స్‌ఫెండజోల్ మందు తోడైతే పంది ఒంట్లో ఉన్న తిత్తులు కూడా పోతాయి. తిరుమలలో వరాహస్వామిని ముందు దర్శించుకునే జనం ఊళ్లో పందిని ఇంత అసహ్యించుకోవడంలో మన మురుగు మీద మనకున్న అసహ్యం కూడా కొంత కలిసి ఉందేమో.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ సంగతి వేరు. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఈ జబ్బుకు మన రైతు చేతికి అందే టీకా లేదు, సోకిన పంది బతకడం అరుదు. అది మనుషులకు రాదు. హోటళ్ల మిగులు తిండిలో వచ్చే పంది మాంసం ముక్కల ద్వారా పాకలోకి చేరుతుంది. విజయవాడ హోటళ్ల తిండి తెచ్చి పెట్టే పెద్ద ఫారాలకు ఇది నెత్తిమీద కత్తి. సొంత తవుడు, సొంత కుడితి మీద బతికే చిన్న మందకు ఈ ముప్పు తక్కువే. బయటి తిండి తేవలసి వస్తే అరగంట సేపు తెర్లగాచి పెట్టాల్సిందే.

మరో అభ్యంతరం నేరుగా శాస్త్రం వైపు నుంచి వస్తుంది. నాటు జాతిని కాపాడాలంటే ఇంత శ్రమ ఎందుకు, ఒంగోలు గిత్త వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాచినట్టు దీనిదీ దాచుకోవచ్చు కదా? పంది విషయంలో అది అంత తేలిక కాదు. దాని వీర్యకణాల పొర చలికి త్వరగా పగులుతుంది. గడ్డకట్టించి కరిగించాక చూలు కట్టే అవకాశం బాగా పడిపోతుంది. ప్రపంచమంతటా పందుల్లో కృత్రిమ గర్భధారణకు గడ్డకట్టించని వీర్యాన్నే, 17 డిగ్రీల దగ్గర ఉంచి మూడు నుంచి ఐదు రోజుల్లో వాడేస్తారు. కాబట్టి నాటు పందికి నమ్మకమైన నిధి బతికున్న మందే. పోనీ ఆ మందను ఒక ప్రభుత్వ ఫారంలో పెడితే? ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. ఒక మందలో రక్తసంబంధం ఎంత త్వరగా దగ్గరపడుతుందో కొలవడానికి జన్యుశాస్త్రంలో ఒక సూత్రం ఉంది: ఆడ, మగ సంఖ్యలను హెచ్చవేసి, నాలుగు రెట్లు చేసి, మొత్తం సంఖ్యతో భాగిస్తే ఆ మంద అసలు పరిమాణం వస్తుంది. ఒక పోతు, పది తల్లులున్న మంద పైకి పదకొండు. ఈ లెక్కలో నాలుగుకు కూడా తక్కువ. ఒక్కో తరానికి 13 శాతానికి పైగా రక్తం దగ్గరపడుతుంది, పిల్లలు బలహీనంగా పుట్టడం మొదలవుతుంది. యాభై తల్లులు, ఐదు పోతులు పెట్టినా లెక్క 18 దగ్గరే ఆగుతుంది. అదే పదిహేను మంది చిన్న రైతులు తలా నాలుగు తల్లులు, ఒక పోతు పెంచుతూ ఏటా పోతులను మార్చుకుంటే, పందులు డెబ్బయి అయిదే గానీ లెక్క 48కి చేరుతుంది. జాతుల సంరక్షణకు యాభై దగ్గరే కనీస గీత గీస్తారు. పెద్ద ఫారం చేయలేని పని పదిహేను పాకలు చేస్తాయి. పైగా ఫారంలో ఒక జ్వరం వస్తే అంతా ఒకేసారి పోతుంది.

ఇందులో రైతుకేం మిగులుతుంది? పందికి చూలు 114 రోజులు, పిల్లలు రెండు నెలల్లో పాలు మానతాయి. అంటే ఒక తల్లి ఏడాదికి దాదాపు రెండు ఈతలు ఈనుతుంది. నాలుగు తల్లులకు ఏడెనిమిది ఈతలు. మందలో ముసలివాటి స్థానంలో ఏటా ఒకటో రెండో కొత్త నాటు తల్లులు వస్తే చాలు, కాబట్టి రెండు ఈతలు మాత్రం నాటు పోతుతో కట్టించి, మిగతా ఐదారు ఈతలు తెల్ల పోతుతో కట్టించవచ్చు. ఆ మొదటి తరం సంకర పిల్లలకు రెండు వైపుల బలం కలిసి వస్తుంది, బతికేవి ఎక్కువ, ఎదుగుదల ఎక్కువ, అమ్ముడుపోయేవి అవే. నాటు పంది ఇక్కడ సొమ్ము తెచ్చే సరుకు కాదు, సొమ్ము పుట్టించే విత్తనం. పక్కన అరెకరం చేపల చెరువు ఉంటే ఇంకా మేలు: హెక్టారుకు 30 నుంచి 40 పందుల పేడ చెరువుకు సరిపోతుందని మత్స్య శాస్త్రవేత్తల సిఫార్సు, అంటే అరెకరానికి ఆరు నుంచి ఎనిమిది. కట్ల, రోహులకు ఆహారమైన ప్లవకాలు దానితోనే పెరుగుతాయి.

ప్రభుత్వ పథకాల కొలత మాత్రం ఇలా లేదు. జాతీయ పశుసంపద మిషన్ కింద 2021 నుంచి పందుల సంతతి ఫారానికి సగం సబ్సిడీ ఇస్తున్నారు. కానీ ఆ పథకం లెక్క యాభై తల్లులు, ఐదు పోతుల యూనిట్లలో ఉంటుంది. నాలుగు తల్లుల రైతుకు అందులో చోటు లేదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో 2008 నుంచి దేశవాళీ జాతులను నమోదు చేస్తోంది. ఒంగోలు, పుంగనూరు ఆవులు, నెల్లూరు గొర్రె, ఆసిల్ కోడి మన వైపు నుంచి అందులో ఉన్నాయి. పందుల్లో ఘుంగ్రూ, మేఘాలయ నియాంగ్ మేఘా, నాగాలాండ్ తెన్యీ వో, గోవా అగోండా, అస్సాం డూమ్, ఉత్తరప్రదేశ్ ఘుర్రా కనిపిస్తాయి. ఆంధ్ర పేరు మీద పంది జాతి కనబడదు. నమోదు కావాలంటే ఒంటి కొలతలు, రంగు, ఈతకు పిల్లల సంఖ్య, ఎంతమేర వ్యాపించి ఉంది, పెంచేవాళ్లు ఎవరు అన్నవి ఊరూరా తిరిగి రాయాలి. ముట్టె పొడవు, చెవి నిలువు చూసి ఏది అచ్చు నాటుదో, దేనిలో రెండు తరాల కిందటి సీమ రక్తం ఉందో చెప్పగలవాళ్లు ఎరుకల కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్నారు. వలస ప్రభుత్వం వీళ్ల మీద నేరస్థ తెగల ముద్ర వేసింది. పందులను పట్టుకుపోయే పురపాలక వాహనం ముందు నేడు నిలబడవలసి వస్తున్నదీ ఎక్కువగా వీళ్లే. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, డెల్టా ఊళ్లన్నీ అక్కడికి గంటా రెండు గంటల దూరం. సర్వే అక్కడి విద్యార్థులు చేయగలరు. కాకపోతే జాతికి పేరు పెట్టే కాగితంలో పెంపకందారుల గడిలో ఎవరి పేరు రాస్తారన్నది ముందే తేల్చుకోవాలి. నాటు పోతుల్ని ఎవరి పాకలో ఉంచాలన్నదీ దాన్ని బట్టే తేలుతుంది.